కాచిన నీళ్ళు

మంగళవారం, రాత్రి

ఇవాళ కాలేజీ ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాను. ముందుగా ఎప్పటిలాగే ఫ్లోరిన్ కథ చెప్పాను. దాన్ని విడదీయబోయి పాతకాలపు శాస్త్రవేత్తలు కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. పొద్దున్నదాకా నాకూ అది కథే.

పిల్లలు తమ ఊళ్ళ బోరు నీళ్ళు తెచ్చారు. ఎర్ర రంగు మందు కలిపితే, ఫ్లోరైడ్ ఎక్కువున్నకొద్దీ పసుపుకు తిరుగుతుంది. మంచినీళ్ళు ఎలా ఉంటాయో చూపిద్దామని నా సీసాలోవి పోశాను. మా బోరు నీళ్ళే, ఇంట్లో కాచి చల్లార్చినవి.

"మేడం, మా యర్రగొండపాలెం నీళ్ళకన్నా మీవే ఎక్కువ పసుపైనాయేంది?" అంది ముందు బెంచీ అమ్మాయి.

నవ్వేసి నా సీసా మూత బిగించాను. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్ళు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్ళలో చిక్కబడుతుంది. ఈ పాఠం చెప్పేది నేనే. మా చిన్నికి జలుబు చేస్తుందని, బిందెడు నీళ్ళు సగమయ్యేదాకా కాచమని అత్తమ్మకు చెప్పిందీ నేనే. అదీ ఆరేళ్ళుగా!

ఇంటికి రాగానే చిన్ని నోట్లోకి టార్చి వేసి చూశాను. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద బలపంతో గీసినట్టు తెల్లటి గీతలు. పళ్ళు కాబట్టి కనిపించాయి. ఎముకల్లో ఏముందో?

అత్తమ్మ గ్లాసు అందించింది. "తాగు తల్లీ, మీ అమ్మ కాచమన్న నీళ్ళే. ఏం కాదు."

లాక్కుని పారబోశాను. ఇవి మంచివి కావన్నాను. చిన్ని నా మొహంలోకి చూసింది.

"అట్లయితే నిన్న తాగినవో అమ్మా?"