కళ్ళు పెట్టని కటౌట్

అన్నయ్యా,

నువ్వు చెప్పిందే జరిగింది. మన ఫైటింగుల హీరో మరమనిషిగా నటించాడు. రేపే విడుదల.

"వీడు దెబ్బ తిన్నా రెప్ప వెయ్యడ్రా. ఎన్నాళ్ళీ తొడ కొట్టుళ్ళు? సైన్సు సినిమాలో పెడితే జనం జడుసుకుంటారు" అని నువ్వంటే పటమట కుర్రాళ్ళంతా నవ్వారు. ఏళ్ళ తరబడి ఆ మొహం గీసినవాడివి నువ్వు, వాళ్ళకేం తెలుసు.

ఇప్పుడు కటౌట్లు గీయించేవాళ్ళు లేరు. ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, థియేటర్ ముందు కర్రలకు బిగించి నిలబెట్టారు. కళ్ళలో కనుపాపలు లేవు. మరమనిషి కదా, కావాలనే తెల్లగా వదిలేశారు. ఎటు జరిగినా ఆ చూపు నా మీదే ఉంది. నిజంగానే జడుసుకున్నాను.

అభిమాన సంఘం ప్రెసిడెంటు మాత్రం దాన్ని అచ్చు తప్పనుకున్నాడు.

"కళ్ళు పెట్టకుండా హారతి ఎలా ఇస్తామండీ? కటౌట్ నిలబెట్టాక మీ అన్నగారే పైకెక్కి ఆఖర్న పెట్టేవారు కదా. ఇప్పుడు మీరే పెట్టాలి."

అది మరమనిషి చూపు అని చెప్పాను. వినలేదు.

నీ చివరి కటౌట్‌కీ కళ్ళే మిగిలిపోయాయి. నిచ్చెన మీంచి నువ్వు పడిపోయాక ఎవరూ పైకెక్కలేదు. సినిమా ఆడినన్నాళ్ళూ అది తెల్లకళ్ళతోనే నిలబడింది.

థియేటర్ మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నల్లరంగు కలిపి పక్కన పెట్టారు. నిచ్చెన వేసి ఉంది. కృష్ణా నది వైపు నుంచి గాలి మొదలైంది. ఫ్లెక్సీ అంతా ఊగుతోంది, వాడు మాత్రం రెప్ప వెయ్యడం లేదు.