క్లచ్ మీద కాలు

అక్టోబరు 20
వాన. వాగు దగ్గర ఎత్తు ఎక్కలేక ట్రాక్టరు ఆగిపోయింది. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. గుడ్డ కాలిన వాసన. కట్టెలు ఇంకా అడవిలోనే ఉన్నాయి. మంచు పడేలోగా అవి ఇల్లు చేరకపోతే ఈ చలికాలం నేను దాటను. నడిచి వచ్చాను. దారిలో ఒక్క మనిషి లేడు. ఉండరని తెలుసు, అయినా చూస్తూ వచ్చాను.

అక్టోబరు 22
వాగు అవతలి వితోమిర్ తన బండికి కట్టి లాక్కొచ్చి మా కొట్టంలో పెట్టాడు. ఈ కొండ మీద పొయ్యి వెలిగేవి మా రెండిళ్లే. ఈస్టర్ తర్వాత అతను మా గడప తొక్కడం ఇదే. క్లచ్ పోయిందన్నాడు. ట్రాక్టరుని నడుము దగ్గర రెండు ముక్కలు చెయ్యాలట. మా ఆయన ఒబ్రాద్ పోయాక దాన్ని ఎవరూ విప్పలేదు. మళ్లీ అతుకుతుందా అని మూడుసార్లు అడిగాను. మూడోసారికి అతను పానాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అక్టోబరు 24
విడిపోయింది. ముందు సగం మొద్దుల మీద, వెనక సగం జాకీ మీద. మొద్దు జారితే? అతని కాళ్లు దాని కిందే. గుమ్మంలో నిలబడి సిలువ వేసుకుంటూ ఉన్నాను. వెలుగుకి అడ్డం రాకు పిన్నీ అన్నాడు.

క్లచ్ ప్లేటు తీసి చూపించాడు. కాగితంలా అరిగిపోయింది.

“దీన్ని తిన్నది నీ భయమే పిన్నీ. నడిపినంతసేపూ క్లచ్ పెడల్ మీద నుంచి కాలు తియ్యవు కదూ?”

తియ్యను. ఎప్పుడు ఆపాల్సి వస్తుందో ఎవరికి తెలుసు.

చిక్కుడుగింజల పులుసు పెట్టాను. ఉప్పు ఎక్కువైందేమో. ఎక్కువైతే రెండోసారి అడుగుతాడా.

అక్టోబరు 26
కొత్త ప్లేటు కోసం వాల్యేవో పట్నం వెళ్లాడు. చీకటి పడకముందే అతని పొగగొట్టం పొగ కనబడింది. తిరిగొచ్చాడు.

అక్టోబరు 27
పునీతురాలు పేత్క తల్లి పండుగ. పని ముట్టుకోకూడదు. వితోమిర్ రాలేదు. రాడని తెలిసీ రెండు కప్పుల కాఫీ కాచాను.

అక్టోబరు 28
ప్లేటు సరిగ్గా మధ్యన కూర్చోకపోతే రెండు సగాలూ కలవవట. అది కుదర్చడానికి ఒబ్రాద్ ఎప్పుడో ప్లమ్ చెట్టు కర్ర ఒకటి చెక్కుకున్నాడు. వితోమిర్ కొట్టమంతా వెతికాడు. నేను వంటింట్లోంచి తెచ్చిచ్చాను. ఇన్నాళ్లూ దానితో పీపాలో ఊరబెట్టే క్యాబేజీ కుక్కుతున్నాను మరి. వాసన చూశాడు. చిన్నాన్న లేచొస్తే ఈసారి నిన్నే రెండు ముక్కలు చేస్తాడు పిన్నీ అన్నాడు. నవ్వొచ్చింది. పన్ను లేదని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అక్టోబరు 29
వెనక సగాన్ని మెల్లగా తోస్తూ, తోకలాంటి షాఫ్టుని నన్ను చేత్తో తిప్పమన్నాడు. కొంచెం. ఇంకొంచెం. టక్కుమని దూరింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

నవంబరు 1
నేను నడిపాను, అతను పక్కనే నడిచాడు. కాలు తియ్యి పిన్నీ, తీసి పక్కన పెట్టు, అని వాగు దాకా అంటూనే ఉన్నాడు. ఎత్తు ఎక్కింది. రాకియా సారా పోశాను. ఒక చుక్క చక్రం మీద ఒలికించి మిగతాది తాగాడు.

“ఇంక పదేళ్లు దీన్ని విప్పే పని లేదు పిన్నీ.”

సంతోషంగానే చెప్పాడు.

నవంబరు 5
కట్టెలన్నీ వచ్చేశాయి. పేర్చాను. చలికాలం దాటుతాను.

నవంబరు 9
అవతల పొగ లేస్తోంది. వెళ్లి పిలుద్దామనుకున్నాను. ఏమని పిలవాలి? పని లేకుండా ముసలిదాని ఇంటికి ఎవరొస్తారు. మనిషికి ఇబ్బంది.

నవంబరు 12
ఊరికే ట్రాక్టరు తీశాను. వాగు దాకా వెళ్లి వచ్చాను. కాలు పెడల్ మీద నుంచి తియ్యలేదు. ఈసారి భయమేసి కాదు.