పేట వీధిలో కల్లాపి

సూర్యం,

నీ బావని. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బాగున్నావా అని రాయబోయి ఆగాను...

పోయినవాళ్ళకి ఉత్తరాలు రాయడాన్నీ, కాకులకి పిండాలు పెట్టడాన్నీ ఒకే గాటన కట్టి నా పత్రికలో ఎన్నిసార్లు ఉతికేశానో నీకు తెలుసు. చచ్చినవాడికి చదువు రాదు అని ఒకసారి మొదటి పేజీలోనే వేశాను. ప్రెస్సు గుమ్మంలో నిలబడి అది చదివి, "బతికున్నవాళ్ళు మాత్రం మీ పత్రిక చదువుతున్నారా ఏంటండీ బావగారూ" అన్నావు. ఇప్పుడు నీకే రాస్తున్నాను. వాదన మార్చుకున్నానని అనుకోకు. భయం వేస్తోంది. ఆ మాట బతికున్నవాళ్ళెవరితోనూ అనలేను, అంతే.

రేవులో కూర్చుని రాస్తున్నాను. రెండు పడవలు జోడించి బల్లలు పరిచిన పంటి మీద మోటారు సైకిళ్ళని లంకకి దాటిస్తున్నారు. మన బండి ఆఖరి విడతలో ఎక్కుతుంది. అవును, మన బండే. నువ్వు సైన్యం నుంచి వచ్చాక వేలంలో కొన్న ఆ మిలిటరీ బండే. దాన్ని ఇవాళ పందెంలో నడిపేది నేను.

నవ్వకు.

జనం మామూలుగానే వచ్చారు. లంకలో పొగాకు కోతలు అయిపోయాయి కదా, ఇక అందరికీ ఈ మోటారు సైకిళ్ళ పందెమే, ఫటఫటీల తీర్థం. జీళ్ళ కొట్లు, ఖర్జూరం కొట్లు, రంగుల కళ్ళద్దాలు. గెలిచినవాడి హ్యాండిలుకి కట్టడానికి అరటిగెల అప్పుడే తెచ్చి గట్టు మీద పెట్టారు. బళ్ళు నడిపేది అమలాపురం డాక్టరుగారు, అంబాజీపేట కొబ్బరి వర్తకులు, రాజోలు నుంచి ఇద్దరు కాంట్రాక్టర్లు, అందరూ పాత ముఖాలే. నన్ను చూసి నమస్కారం పెడుతున్నారు. ఆ పెట్టడంలో ఏదో ఉంది... పాడె వెనక నడిచేటప్పుడు పెట్టే నమస్కారంలా ఉంది.

ఈ ఏడాదిలో చాలా జరిగింది. మనకి వేరే రాష్ట్రం వచ్చింది. కర్నూల్లో డేరాలు వేసి సర్కారు కచేరీలు పెట్టారట. కొత్తపేటలో బాణసంచా కాల్చారు. నేనూ సంతోషించాను, కాదనను. కానీ దేశపటం మీద గీతలు మార్చగలిగినవాళ్ళం, లంకలో ఒక పందెం దారి మార్చుకోలేకపోయామేం? ఎవరూ జవాబు చెప్పరు. నేను అడగడం మానను.

ఆ దారి సంగతి నీకు చెప్పాలా? అయినా చెప్తాను. లంక చుట్టూ కట్ట మీదే పందెం. దిగువన మాత్రం ఏటి కోతకి కట్ట తెగిపోయింది. అక్కడ కట్ట దిగితే ఎదురుగా పేట వీధి. గట్టి నేల, తిన్నని దారి. అయినా పందెం కమిటీ మొదటినుంచీ ఆ వీధిని తప్పించి, కమిటీ ప్రెసిడెంటుగారి పొగాకు చేలో కోసిన మోళ్ళ మీదనుంచి బళ్ళని తిప్పేది. రథం పోని వీధి అది, ఊరివాళ్ళ పెళ్ళి ఊరేగింపు పోని వీధి. ఫటఫటీ మాత్రం ఎందుకు పోవాలి? అదీ వాళ్ళ తర్కం. పెట్రోలుకి కూడా కులం అంటగట్టారు.

దాన్ని మార్చింది నేను కాదు. నేను రాశాను, అంతే. నిరుడు కమిటీలో లేచి నిలబడింది నువ్వు. "బర్మా కొండల్లో మిలిటరీ ఉత్తరాలు మోసేనండి. దారి ఎవరింటి ముందునుంచి పోతుందని ఏ రోజూ అడగలేదండి. ఇక్కడ మాత్రం ఎందుకు అడగాలండి?" అన్నావు. నా పత్రిక పదేళ్ళు అరిచినా కదలనిది ఆ రెండు ముక్కలకి కదిలింది. ఆ రోజు నీ మీద నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

ఆ తర్వాతది తలుచుకుంటే...

పేటలో ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచారు. మొట్టమొదటిసారి తమ వీధిలోకి ఊరు వస్తోంది. గౌరవమైన మనిషి వస్తుంటే ఏం చేస్తారు? వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గేస్తారు. వాళ్ళూ అదే చేశారు. వాకిట్లోనే ఆపలేదు. నడిపేవాళ్ళ కళ్ళలో దుమ్ము పడకూడదని, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పేడనీళ్ళు చల్లారు. ఆరిపోతే మళ్ళీ చల్లారు. అందరికంటే ముందు వచ్చింది నువ్వు. చక్రం జారింది. వీధి చివర కాలవ మీద పరిచిన కొబ్బరి దుంగలకి నీ తల...

ఇక రాయను. పంటి ఇవతలికి వచ్చేలోపే నువ్వు లేవు.

పేటవాళ్ళు కావాలనే పేడనీళ్ళు పోశారని సాయంత్రానికల్లా పుకారు లేపారు. పోలీసులు వచ్చి ఇద్దరు మగవాళ్ళని స్టేషనుకి తీసుకుపోయి కూర్చోబెట్టారు. నేను కరపత్రాలు వేశాను, కేకలేశాను, పై అధికారుల దగ్గరికి వెళ్ళాను. వదిలారు. కానీ పుకారుని ఎవరు అరెస్టు చేస్తారు?

ఈ ఏడాది కమిటీలో ప్రెసిడెంటుగారు ఎంతో మర్యాదగా దారి మళ్ళీ పొగాకు చేలోకి మారుద్దామన్నారు. ప్రాణాల మాట కదండీ అన్నారు. నేను లేచాను. నీ పేరు చెప్పాను, రాజ్యాంగం పేరు చెప్పాను, చాలాసేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "కాగితం మీద బాగా నడుపుతున్నారండీ ఎడిటరుగారూ. బండి మీద ఎక్కి నడిపి చూపించండి" అన్నారు. అందరూ నవ్వారు. ఇవాళ ఎవరికి నచ్చిన దారిలో వాళ్ళు వెళ్ళొచ్చట. ఒక్క బండయినా పేట వీధి దాటి గెలుపు గీత చేరితే ఆ దారి ఉంటుంది. చేరకపోతే ఇక ఎప్పటికీ పొగాకు చేనే. డాక్టరుగారు తల దించుకున్నారు. కాంట్రాక్టర్లు పైకప్పుకేసి చూశారు. నిరుడు నీ భుజం తట్టినవాళ్ళే సూర్యం.

"ఆయ్, నడుపుతానండి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని ఇప్పటికీ అనుమానం. సైకిలు మీద చేల నడుమ పుంత దారిలో వెళ్ళాలన్నా దిగి నడిపించుకునే మనిషిని నేను.

ఇంటికొచ్చి చెప్తే మీ అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెరట్లోకి వెళ్ళి నీ బండి మీద కప్పిన గోనె తీసేసింది. "ఎక్కండి" అంది.

నాకు నేర్పింది మీ అక్కే. ఆశ్చర్యంగా ఉందా? నీ వెనక కూర్చుని కాలవగట్ల మీద తిరిగిందిగా, నువ్వు అన్న ప్రతి మాటా గుర్తుంది. నేను కాలవగట్టు మీద గేరు వెతుక్కుంటూ పోతుంటే, చెంగు బొడ్లో దోపి పక్కనే పరుగెత్తుతూ నీ మాటలు అప్పజెప్పేది. మలుపులో దగ్గరికి కాదు దూరానికి చూడమన్నాడు. హ్యాండిలు గట్టిగా పట్టుకోవద్దన్నాడు. తడి మీద బ్రేకు ముట్టుకోవద్దన్నాడు, గేరు తగ్గించి దాని మానాన దాన్ని పోనిమ్మన్నాడు. రెండుసార్లు తుప్పల్లో పడ్డాను. ఒకసారి ఎవరిదో గేదె మీదికే పోయాను. గేదెకి ఏమీ కాలేదు. దాని యజమాని మాత్రం, ఇంతకాలం తమరు మనుషుల మీదే పడుతున్నారనుకున్నానండీ అన్నాడు.

ఒకరోజు మీ అక్క పరుగు ఆపేసింది. "తడి మీద బ్రేకు ముట్టుకోవద్దన్నవాడు, మరి వాడెందుకు ముట్టుకున్నాడండీ?" అంది.

వీధిలో చక్రం బిగుసుకుపోయి గీసిన గీత అందరం చూశాం. అంత తెలిసినవాడివి. ఎందుకు వేశావు? ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న అదే.

మొన్న ఆదివారం పేటకి వెళ్ళాం, మీ అక్కా నేనూ. ప్రార్థన అయి అందరూ ఇళ్ళకి వస్తున్నారు. నువ్వు గారు చేర్చి పిలిచే మరియమ్మగారు గుమ్మంలో చాప వేసింది. బాబుగారూ అనొద్దు, నేనెవరికీ బాబుని కాదు అని ఎప్పటిలాగే వాదించాను. "ఆయ్, అలాగేనండి బాబుగారూ" అంది. ఈసారి కల్లాపి చల్లరట. వీధిలోకి ఎవరూ రారట, తలుపులేసుకుని కూర్చుంటారట. ఆ మాట చెప్పి, మీ అక్క చెయ్యి పట్టుకుని, అప్పుడు చెప్పింది.

ఆవిడ కోడలు సువార్త ఆ రోజు వీధి చివర ఆఖరి ముగ్గు వేస్తోంది. బండి చప్పుడు విన్నది. కానీ ఫటఫటీ వేగం ఆ పిల్లకేం తెలుసు? చప్పుడు వినిపించాక ఎద్దుబండి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఉందనుకుంది. వచ్చే మనిషి ముందు ముగ్గు సగంలో ఉంచకూడదని వంగి గీత కలుపుతూనే ఉంది. తల ఎత్తేసరికి నువ్వు.

"మా పిల్లని తప్పించేడమ్మా మీ తమ్ముడుగారు. తప్పించి, తను పోయేడు" అంది మరియమ్మగారు.

స్టేషన్లో కూర్చోబెట్టిన ఇద్దరిలో ఒకడు సువార్త మొగుడు. ఎంత గద్దించినా ఆ పిల్ల పేరు చెప్పలేదు. పేటంతా ఏడాదిపాటు నోరు కట్టుకుంది. పేడనీళ్ళు పోసినవాళ్ళనిపించుకున్నారు కానీ ఆ పిల్లని బయటపెట్టలేదు. లోపల తడక వెనక ఎవరో ఉన్నారు. కనిపించలేదు, ఊపిరి వినిపించింది.

మీ అక్క అక్కడ ఏడ్చింది. ఏడాది తర్వాత.

నేనా? సిగ్గు లేకుండా చెప్తున్నాను, అప్పటికే నా బుర్రలో శీర్షిక తయారైపోయింది. పుకారుని నడిరోడ్డు మీద నిలబెట్టి నరికే కత్తి దొరికింది కదా! తిరిగి వస్తూ పంటి మీద మీ అక్క నా ముఖం చూసి, "ఇది అచ్చెయ్యకండి" అంది. నేను వాదించాను. నిజాన్ని దాచే హక్కు మనకెక్కడిదన్నాను. "అది మీ నిజం కాదండీ, ఆ పిల్లది" అంది. ఇరవై ఏళ్ళుగా సభల్లో వాదిస్తున్నవాణ్ణి సూర్యం, బుర్రలోని ఆ శీర్షికని అక్కడే కొట్టేశాను.

నువ్వు పొరపాటు చెయ్యలేదని తెలిసింది. నా భయం తగ్గాలి కదా? పెరిగింది. మొన్నటిదాకా ఒక ధైర్యం ఉండేది, బ్రేకు ముట్టుకోకుండా ఉంటే చాలని. ఇప్పుడు? ఏ గుమ్మంలోంచి ఏ పిల్ల అడుగు బయటపెడుతుందో... నువ్వు కళ్ళు మూసి తెరిచేలోపు హ్యాండిలు తిప్పావు. నా చేతులు తిరుగుతాయా? నాకు ఆ క్షణం వస్తే నేను ఎవరిని కాపాడుకుంటాను? రాతల్లో అయితే సమాధానం తెలుసు. రాత్రుళ్ళు మెలకువ వచ్చినప్పుడు తెలియడం లేదు. కొబ్బరి దుంగలు కనిపిస్తాయి, అంతే.

అయినా ఒక పని చేశాను. నిన్న మళ్ళీ పేటకి వెళ్ళి, కల్లాపి చల్లమని అడిగాను. తలుపులు వెయ్యొద్దన్నాను. ఖాళీ వీధిలోంచి, మూసిన తలుపుల మధ్యనుంచి దొంగలా పోవడానికి కాదు కదా నువ్వు కమిటీలో లేచింది. వాకిళ్ళలో చల్లండి, ముగ్గులు వెయ్యండి, నడుమ మాత్రం కాస్త దారి పొడిగా వదలండి అన్నాను. ఎంత వెడల్పు వదలమంటారు బాబుగారూ అంది మరియమ్మగారు. రెండు చేతులూ చాచి చూపించాను. చూపించాక భయం వేసి ఇంకాస్త చాచాను. ఇంకా చాలదనిపించి ఒక అడుగు పక్కకి జరిగి మళ్ళీ చాచాను. తడక వెనకనుంచి నవ్వు వినిపించింది. చిన్న నవ్వు, వెంటనే ఆపుకుంది.

"అంత వదిలితే ఇంక చల్లేదెక్కడండీ" అంది ఆ గొంతు.

ఆ గొంతు నువ్వు వినలేదు. అందుకే రాస్తున్నాను, బహుశా ఈ ఉత్తరమంతా ఆ ఒక్క ముక్క నీకు చెప్పడానికే.

పంటి వస్తోంది. మీ అక్క బండి సీటు చెంగుతో తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది. ముఖం నా వైపు తిప్పడం లేదు. పారిపోవాలని ఉంది, నిజంగా. ఈ రేవులో నన్ను ఎరగనివాళ్ళు లేరు కాబట్టి పారిపోలేను, ధైర్యం వల్ల కాదు.

గెలవను. అరటిగెల డాక్టరుగారే పట్టుకుపోతారు. అందరికంటే వెనక, నడిచేవాడు దాటిపోయేంత నెమ్మదిగా పోతాను. కానీ పేట వీధిలోంచే పోతాను. ఎవరైనా ముగ్గు కలుపుతూ ఉంటే బండి దిగి, కలిపేదాకా ఆగుతాను. పందెంలో ఆగకూడదన్న నియమం ఎక్కడా లేదు, చూసుకున్నాను. ఆ పిల్ల పేరు నా పత్రికలో ఎన్నటికీ రాదు. ఈ కాగితం కూడా పంటి నడి ఏట్లోకి వెళ్ళాక నీళ్ళలో వదిలేస్తాను.

గుమ్మం దిగేటప్పుడు వెళ్తాను అనకండి, వెళ్ళొస్తాను అనండి అని మీ అక్క పెళ్ళయిన నాటినుంచీ చెప్తోంది. మూఢనమ్మకమని కొట్టిపారేసి, ఆ మాట ఏనాడూ అనలేదు. "ఆ ఒక్క మాటకి మీ సిద్ధాంతం కూలిపోద్దా బావగారూ" అని నువ్వు ఏడిపించేవాడివి.

పంటి ఒడ్డుకి తగిలింది. పిలుస్తున్నారు.

మీ అక్కతో ఆ మాట అన్నాను ఇప్పుడే. ఆవిడ తలెత్తి చూసింది.

నీతోనూ అంటున్నాను. వెళ్ళొస్తాను సూర్యం.

నీ బావ