ఆరు కాళ్ల సాలీడు

సెప్టెంబరు 14, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నీ రాజీనామా ఉత్తరం ఇంకా సొరుగులోనే ఉందనుకుంటాను. అది గడప దాటకముందే ఇది నీకు అందాలని గబగబా రాస్తున్నాను.

నేను పాసయ్యాను. ఇరవై తొమ్మిదేళ్లు పిల్లలకు మార్కులు వేసినదాన్ని, నాకు ఎవరో మార్కులు వేస్తారనేసరికి పది రోజులు తిండి సయించలేదు. డిజిటల్ శిక్షణ చివర ఒక పాఠం కంప్యూటరుతో చెప్పి చూపించాలి, తప్పితే క్లాసు తీసేసి ఆఫీసులో రిజిస్టర్ల ముందు కూర్చోబెడతారు. వచ్చే నెల నీకూ అదే గండం కదా. క్లాసు లేకపోతే నేనేం చెయ్యాలి, గోడలకు పాఠం చెప్పుకోవాలా?

నా అలవాటు నీకు తెలిసిందే. పాఠంలో ఒక అబద్ధం దాస్తాను, బెల్లు కొట్టేలోగా పిల్లలు పట్టుకోవాలి. ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. ఊరికే అనిపించింది అంటే ఒప్పుకోను. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'నేటి అబద్ధం'.

ఆ రోజు సాలీడు పాఠం. బొమ్మ కావాలని కంప్యూటరును అడిగితే క్షణంలో గీసిచ్చింది, ఒంటి మీది నూగుతో సహా. అది తెర మీద పడగానే వెనక బెంచీలో కూర్చున్న పరీక్షాధికారి కూడా మెడ చాచాడు. నేను సాలెగూడు గురించి మొదలుపెట్టానో లేదో ఎందుకమ్మ లేచింది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని ఆ పిల్లకు నేను పెట్టిన పేరు అది. నేటి అబద్ధం దొరికింది టీచర్, దీనికి ఆరు కాళ్లే ఉన్నాయి, అంది.

నేటి అబద్ధమేమిటని అధికారి అడిగాడు. నేను నోరు తెరిచేలోగా క్లాసంతా కలిసి చెప్పేసింది. కంప్యూటరు కంటే మీకు ఎక్కువ తెలుసా అని ఆయన కవ్వించాడు. ఒకడు పుస్తకం తీసి చూపించాడు. పుస్తకంలో కూడా తప్పు ఉండొచ్చు కదా అని ఇంకో పిల్ల బెంచీ ఎక్కి, కిటికీ మూలనున్న నిజం సాలీడు కాళ్లు లెక్కపెట్టింది. ఎనిమిది. అంత వయసాయన కూడా బెంచీ ఎక్కి లెక్కపెట్టాడు.

శిక్షణలో మేం నేర్పాలని తంటాలు పడుతున్నది ఇదేనమ్మా, తెర మీద కనిపించిందల్లా నమ్మకపోవడం, మీ పిల్లలకు ముందే వచ్చేసింది, అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రాగానే మీ బావ ముందు కూర్చుని హాయిగా ఏడ్చాను. ఫెయిలయ్యాననుకుని ఆయన ఓదార్చడం మొదలుపెట్టారు.

కంప్యూటరు నాకు ఇప్పటికీ సగమే వచ్చు. నీకు పావు వచ్చినా చాలు, ఆ ఉత్తరం చింపెయ్యి.

నీ మేలు కోరే
అక్క

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నీకు కూడా అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. ఆ ఆరు కాళ్లు నేను దాచినవి కావు. అధికారి వస్తున్నాడన్న భయంతో ఆ రోజుకు అబద్ధం మానేశాను. బొమ్మ చూసి మురిసిపోయి కాళ్లు లెక్కపెట్టలేదు, అంతే. మర్నాడు ఆయనకు ఫోన్ చేసి ఒప్పేసుకున్నాను. మార్కులు బొమ్మకు కాదమ్మా, పిల్లల ప్రశ్నలకు వేశాను, అన్నాడు.

తరవాత పిల్లలకూ చెప్పాను. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అబద్ధం దాచిన రోజు మీరు మాటిమాటికీ కళ్లజోడు తుడుచుకుంటారు టీచర్, నిన్న ఒక్కసారి కూడా తుడవలేదు, అంది ఎందుకమ్మ. మరి నేటి అబద్ధమని ఎందుకన్నావని అడిగాను. ఎప్పుడూ తను అడిగే మాట నేను అడిగేసరికి తల దించుకుంది. వెనక ఆయన వేళ్ల మీద కాళ్లు లెక్కపెడుతున్నాడు టీచర్, మీ తప్పని ఆయన రాసుకునేలోగా నేనే లేచాను, మిమ్మల్ని ఆఫీసుకు పంపించేస్తారని విన్నాం, అంది.