చప్పట్లకు కూలి

నవంబర్ 14

ప్రియమైన క్లియోటిస్ అన్నయ్యకు,

దేవుని దయవల్ల నేను క్షేమం. నువ్వూ, అమ్మాయి రెనిటా, పిల్లలూ బావున్నారని తలుస్తాను. చెవి మిషను గీపెడుతోందని తీసి సొరుగులో పడేశానన్నావు. నీతో ఫోనులో మాట్లాడే రాత ఇక లేదన్నమాట. పోనీలే, ఉత్తరాలైనా రాస్తున్నావు.

అలబామాలో నీకు ఎండ కాస్తోందేమో గానీ ఇక్కడ అప్పుడే మంచు పడింది. ఆసుపత్రి లాండ్రీలో నా పనిగంటలు సగానికి తగ్గించారు. ఎలాగో నెట్టుకొస్తున్నాను, దిగులుపడకు.

నువ్వు నమ్మని మాట ఒకటి చెబుతాను. ఈ నెలలో మూడుసార్లు మన జట్టు బాస్కెట్‌బాల్ ఆటకి వెళ్ళాను. పైన కాదు, కింద, బుట్ట వెనకాలే! "టికెట్ ఎక్కడిదే?" అంటావు. తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది, అంతే అనుకో.

అన్నయ్యా, ఆ హాలు నువ్వెరిగిన హాలు కాదు. మనం ఎనిమిది డాలర్లిచ్చి కూర్చున్న ఆఖరి వరస ఇప్పుడు నూటముప్ఫై. మన పేటవాళ్ళు ఒక్కరు కనబడితే ఒట్టు. కింద సీట్లన్నీ కంపెనీలవి. నా ముందు వరసలో ఒకాయన ఆటకి వీపు తిప్పి కూర్చుని, గంటసేపు ఎవరితోనో ఇల్లు అమ్మకం బేరం మాట్లాడాడు. ఒకావిడ పాపం ఉత్సాహంగా లేచి నిలబడితే వెనకనుంచి, "అమ్మా, కాస్త కూర్చుంటారా? మేమూ డబ్బిచ్చే వచ్చాం" అన్నారు. తెరమీద "గోల చెయ్యండి" అని పెద్ద అక్షరాలు వస్తాయి. ఎవరూ చెయ్యరు. అప్పుడు స్పీకర్లలోంచి జనం అరుపులు వేస్తారు. మన చర్చిలో సమాధి ప్రార్థనలకి ఇంతకన్నా సందడి ఉంటుంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఉప్పు తగ్గించు.

నీ చెల్లెలు,
వర్లీన్

---

నవంబర్ 27

నా చిట్టి చెల్లెలికి,

బుట్ట వెనకాల కూర్చున్నావా! ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు తోలాను, ఆ సీట్లో ఒక్కరోజు కూర్చుంటే చాలని మొక్కుకున్నాను. నువ్వు కూర్చున్నావు. ఈ మాట ఇక్కడి మంగలి షాపులో పదిమందికి చెప్పాను. ఒకడు "మీ చెల్లెలు ఎవరైనా డబ్బున్నవాణ్ణి పట్టిందా?" అన్నాడు. "నోర్ముయ్, అది గాయక బృందంలో పాడుతుంది" అన్నాను.

వాళ్ళు నోరు విప్పకపోతే నువ్వు విప్పు. నేను నేర్పింది మర్చిపోలేదు కదా? మనవాడు ఫ్రీ త్రో వేసేటప్పుడు, ఎవరూ అడ్డురాకుండా ఒక్కడే నిలబడి బుట్టకి గురిచూసేటప్పుడు, గుడ్లప్పగించి నోరు మూసుకోవాలి, దగ్గు వచ్చినా మింగాలి. ఎదుటివాడు వేసేటప్పుడు కప్పు ఎగిరిపోవాలి. "వణుకుతోందిరా చెయ్యి! వణుకుతోంది!" అని అరవాలి. గుర్తుందా, తొమ్మిదేళ్ళప్పుడు నువ్వలా అరిచి అరిచి మర్నాడు చర్చిలో పాడలేకపోతే అమ్మ నన్ను చీపురు తిరగేసి కొట్టింది.

ఇంకో సంగతి. ఫిబ్రవరి తొమ్మిదిన నాకు అరవై ఏడు నిండుతాయి. ఆ రోజే మన ఊళ్ళో ఆట. రెనిటాతో ఫోనులో రెండు టికెట్లు కొనిపించాను. పైన, ఆఖరి వరసే. వెల చెబితే తిడతావు. ఒకటి నాకు, ఒకటి నీకు. చెవులు లేకపోయినా గొంతు ఉంది కదా.

నీ అన్న,
క్లియోటిస్

---

డిసెంబర్ 10

ప్రియమైన అన్నయ్యకు,

ఈ ఉత్తరం పంపనని తెలిసే రాస్తున్నాను.

అది నాకు దొరికిన టికెట్ కాదు. కూలిపని. హాలు చప్పగా ఉంటోందని జట్టువాళ్ళు అరవడానికి మాలాంటివాళ్ళని ముప్ఫైమందిని పెట్టుకున్నారు. పసుపు చొక్కాలిస్తారు. ఆటకి డెబ్భై డాలర్లు. కెల్సీ అని ఒక అమ్మాయి మా ఎదుట కూర్చుని ఎర్రదీపం వెలిగిస్తే లేవాలి, అరవాలి. ఆర్పితే కూర్చోవాలి. దీపానికి లేవనివాళ్ళని మళ్ళీ పిలవరు. చర్చిలో ఎవరికీ చెప్పలేదు. దేవుణ్ణి స్తుతించే గొంతు గంటల లెక్కన అద్దెకిస్తున్నానని ఎలా చెప్పను?

నిన్న ఆఖరి నిమిషంలో మనవాడు ఫ్రీ త్రో వెయ్యడానికి నిలబడ్డాడు. ఒక్క పాయింటు చాలు. కెల్సీకి ఆట తెలీదు. దీపం వెలిగించింది. నాకు తెలుసు అన్నయ్యా. తొమ్మిదేళ్ళప్పటినుంచీ తెలుసు. అయినా లేచాను. అరిచాను. బంతి అంచుకి తగిలి పక్కకి పడింది. ఆ కుర్రాడు మా వైపు తిరిగి చూశాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు. ఆట పోయింది.

కెల్సీ ఏడ్చింది. "ఆంటీ, మీకు తెలిస్తే నాకు చెప్పొచ్చు కదా!" అంది. ఇకనుంచి ఏ జట్టు ఫ్రీ త్రోకీ దీపం వెయ్యొద్దని, మేం కదలొద్దని పైవాళ్ళు ఉత్తర్వు చేశారు.

ఫిబ్రవరి తొమ్మిదిన నాకు పని ఉంది. మానేస్తే ఇంకొకరిని పెట్టుకుంటారు. వెచ్చదనానికి గ్యాసు బిల్లు కట్టుకునేది ఆ డబ్బుతోనే. నీ పక్కన కూర్చోవాలనీ ఉంది. ఏం చెయ్యను?

వర్లీన్

---

జనవరి 6

ప్రియమైన అన్నయ్యకు,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. నువ్వొస్తున్నావని ముందు గది సర్దాను. కాలర్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె నీకిష్టమైనట్టు చేస్తాను.

ఒక్కటే చిక్కు. తొమ్మిదో తారీకు సాయంత్రం చర్చిలో ఉపవాస ప్రార్థన ఉంది. గాయక బృందంలో నేను లేకపోతే కుదరదు. నువ్వు ఆటకి వెళ్ళు. నా టికెట్‌కి ఎవరినైనా తీసుకెళ్ళు. ఏమీ అనుకోకు.

వర్లీన్

---

జనవరి 15

చెల్లికి,

దేవుడి పని ముందు, ఆట తరవాత. అనుకోవడానికేముంది? నీ సీట్లో నా కోటు కూర్చుంటుంది, అది నీకంటే తక్కువ తింటుంది. మూడు రోజులుంటాను. రొట్టె మాడ్చకు.

క్లియోటిస్

---

ఫిబ్రవరి 18

ప్రియమైన చెల్లికి,

బస్సు క్షేమంగా చేర్చింది. నడుం ఇంకా చేరలేదు.

నీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆట గురించి ఎక్కువ మాట్లాడలేదు, అలసిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. హాలు చప్పగా ఉందని రాశావు గానీ, నాకలా అనిపించలేదే! ముందున్న ఇనపకమ్మీ మీద చెయ్యి పెడితే గుండెదాకా అదిరింది. మూడో భాగంలో ఎదుటివాడు ఫ్రీ త్రోకి నిలబడ్డప్పుడు నేను లేచి మన అరుపు అరిచాను. చుట్టుపక్కలవాళ్ళంతా నావైపు తిరిగి నవ్వారు. ఫోనుల్లో బొమ్మలు కూడా తీసుకున్నారు. వాడు రెండుసార్లూ గురి తప్పాడు తెలుసా! పాత రోజులే అనుకో.

రెనిటా నిన్ను అడిగానని చెప్పమంది.

క్లియోటిస్

---

ఫిబ్రవరి 26

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి వెళ్ళలేకపోయాను. నువ్వు సంతోషంగా ఉన్నావు. ఆ సంతోషాన్ని అలాగే ఉంచేస్తే నీకేమీ తెలియదు. ప్రార్థనలో కూర్చుని అదే అడిగాను: ఉంచెయ్యనా? అలా అడుగుతున్నందుకే సిగ్గేసింది. ఉంచితే మిగిలేది నీ సంతోషం కాదు, నా పరువు.

డిసెంబర్‌లో రాసి దాచిన ఉత్తరం దీనితో పంపుతున్నాను. ముందు అది చదువు. తరవాత ఇది.

ఆ రోజు ఉపవాస ప్రార్థన లేదు. దేవుడి పేరు చెప్పి నీకు అబద్ధమాడాను. నేను కింద, పసుపు చొక్కాలో ఉన్నాను.

కమ్మీ అదిరింది స్పీకర్ల వల్ల. జనం వల్ల కాదు. ఎదుటివాడు ఫ్రీ త్రోకి నిలబడ్డప్పుడు స్పీకర్లు ఆపారు, మాకు దీపం లేదు. హాలు మొత్తం బిగుసుకుపోయింది. అప్పుడు పైనుంచి ఒకే ఒక్క గొంతు వచ్చింది, "వణుకుతోందిరా చెయ్యి! వణుకుతోంది!" అని. పద్దెనిమిది వేలమందిలో ఒక్క గొంతు. ఆ హాల్లో నాలుగు నెలలుగా నేను విన్న అరుపుల్లో కూలి తీసుకోనిది అదొక్కటే.

నా చుట్టూ నవ్వారు. నా పక్కన కూర్చునే ట్రిసియా, "ఎవరండీ ఆ పిచ్చి ముసలాయన? మీవైపే చెయ్యి ఊపుతున్నట్టున్నాడు, మీకు తెలుసా?" అంది.

"నాకు తెలీదు" అన్నాను.

లేచి నీతో గొంతు కలపాల్సింది. దీపం వెలగలేదని కూర్చున్నాను. ఇంటికొచ్చాక నీకు రొట్టె వడ్డిస్తుంటే నా చేతులు వణికాయి. "చలిగా ఉందా?" అన్నావు. అవునన్నాను. అదీ అబద్ధమే.

ఆ అరిచే పని మానేశాను. అది గొప్ప పనని చెప్పడం లేదు. మానేసినంత మాత్రాన ఆ మాట వెనక్కి రాదు. నువ్వు క్షమించకపోయినా నీది తప్పు కాదు.

వర్లీన్

---

మార్చి 5

వర్లీన్,

నేనూ ఒక అబద్ధం రాశాను. చెవుడు వచ్చాక నాకు మిగిలింది మనుషుల నోళ్ళు చూడ్డం. హాల్లో మొదటి అయిదు నిమిషాల్లోనే తెలిసింది, అందరి నోళ్ళూ మూసే ఉన్నాయని. కమ్మీ అదురుతోంది, ఒక్క పెదవీ కదలడం లేదు. బస్సు తోలినవాణ్ణి, ఇంజను అదురుకీ మనుషుల గోలకీ తేడా నాకు తెలీదా?

నేను అరవగానే కెమెరావాడు నవ్వుతున్న పసుపు చొక్కాల్ని పెద్ద తెరమీద వేశాడు. నీ మొహం పడింది, చర్చి తలుపంత. నీ పక్కావిడ అడిగిందీ, నువ్వన్న మాటా పెదాలమీద చదివాను. నువ్వక్కడున్నావని అప్పుడే తెలిసింది. అంతకుముందు చెయ్యి ఊపింది ఎవరికో కాదు, ఆ ఫ్రీ త్రో వేసేవాడికి.

కోపం వచ్చింది. వచ్చిన మాట దాచను. మూడు రోజులు నీ రొట్టె ఆ కోపంతోనే తిన్నాను. లోపల ఇంకోటి కూడా ఉంది. నేనెంత గట్టిగా అరుస్తున్నానో నాకు వినిపించదు కదా, అంత ఘోరంగా అరిచానా, సొంత చెల్లెలే తలదించుకునేలా? అది అడగడానికి నోరు రాలేదు. నేనే ముందు పిలవాలని నువ్వు, నువ్వే ముందు పిలవాలని నేను, ఇద్దరం గోడకి చెరో పక్క పడుకున్నాం.

ఇక్కడికొచ్చి మూడుసార్లు ఉత్తరం రాశాను. మొదటి రెండూ నువ్వు చదవదగ్గవి కావు, చింపేశాను. మూడోది ఏమీ చూడనట్టు రాశాను. చెప్పాలనుకుంటే నువ్వే చెబుతావు, లేకపోతే వద్దు అనుకున్నాను. చెప్పావు. నీ రెండు ఉత్తరాలూ రెనిటా కంటపడకుండా నా చొక్కా జేబులో పెట్టుకున్నాను.

పని మానేశానన్నావు. తొందరపడ్డావేమో. ఆకలికి అరవడం పాపమని ఏ పాస్టరూ చెప్పగా నేను వినలేదు. నాకు గుచ్చుకున్నది చొక్కా కాదు, ఆ మాట.

ఇక్కడి హైస్కూలు ఆడపిల్లల జట్టు ఈ నెల ఇరవై ఒకటిన ఆడుతోంది. టికెట్ అయిదు డాలర్లు. చెక్క బెంచీలు, వెనక ఆనుకోవడానికేమీ ఉండదు, నడుం పడిపోతుంది. పోయినవారం వెళ్ళాను. అక్కడ మూసిన నోరు నాకొక్కటీ కనబడలేదు. బస్సు టికెట్ పంపుతున్నాను, రా. నేను లేచి అరుస్తాను, గట్టిగానే అరుస్తాను. పక్కనున్నవాళ్ళు ఎవరీ ముసలాయన అని నిన్ను తప్పకుండా అడుగుతారు. మా అన్నయ్య అని చెప్పు.

క్లియోటిస్