కెమెరాలో క్యాసెట్ పెట్టే తూకం చూడాలట

వెండెల్,

బీన్స్ సూప్ పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. నేను మా అక్క అర్లీన్ ఇంటికి వెళ్తున్నాను, ఆదివారం వస్తాను. గరాజ్‌లో హీటర్ ఆర్పడం మర్చిపోకు.

నడుస్తూ తీసినా కెమెరా కుదపకుండా ఉండాలని పుస్తకం చూసి నువ్వు చేసిన ఆ స్టాండు బాగా కుదిరింది. పైపు ముక్కలూ, వాషర్లూ, పాత డంబెల్ బిళ్ళా పెట్టి అంత పని చేస్తావనుకోలేదు. కెమెరాలో క్యాసెట్ పెట్టే స్టాండు తూకం చూడాలని అందులో రాశారు. ఆ పేజీ మడిచి పెట్టుకున్నావు కూడా. సొరుగులో చేతికందింది వేసేశావు. అది మన టెస్ క్యాసెట్, వెండెల్. దాని మీద పేరు రాయకపోవడం నా తప్పే.

పిల్ల చనిపోయాక ఇవాళే మొదటిసారి ధైర్యం చేసి దాన్ని పెట్టి చూశాను. దాని మీద నువ్వు తీసిన మన గరాజ్ నేలే పదకొండు నిమిషాలు కనిపించింది. ఎక్కడా ఒక్క కుదుపు లేదు.

చివర్లో పాతది కాస్త మిగిలింది. టెస్ సైకిల్ మీద వస్తూ ఉంటుంది, బొమ్మంతా ఊగిపోతూ ఉంటుంది. "నాన్నా, నవ్వకు! కెమెరా కదిలిపోతోంది!" అని అరుస్తుంది. నువ్వలా నవ్వగా విని మూడేళ్లయింది.

కెమెరా టీవీకి తగిలించే ఉంచాను. మళ్లీ రికార్డు కాకుండా క్యాసెట్ వెనక మీట జరిపాను.

ఇర్మా

స్టాండు విరగ్గొట్టకు. కోపం లేదని అనను. కానీ నువ్వు అది చూసి ఏడ్చేటప్పుడు నా మొహం నీకు ఎదురుగా ఉండకూడదనే వెళ్తున్నాను.