అంట్ల దగ్గర పరువు

జగ్గయ్యపేట,
20-4-1948

అక్కయ్య ఆండాళమ్మకు తమ్ముడు కుటుంబరావు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం, నా పరువు తప్ప.

నెల క్రితం నీ మరదలు బావి గట్టున జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుందని రాశాను కదా. మిరపకోతలకు పోయిన పనిమనిషి పుల్లమ్మ ఇంతవరకు తిరిగి రాలేదు. ఇంట్లో పదహారేళ్ల ప్రసాదు ఉన్నాడన్న మాటేగానీ, వాళ్లమ్మ ఒంటిచేత్తో అన్నం వారుస్తుంటే స్తంభంలా నిలబడి చూస్తాడు. తాగిన గ్లాసు తీసి అవతల పెట్టడు. ఇలాంటి కొడుకుని కన్నందుకు సిగ్గుగా ఉంది. బడికి సెలవులిచ్చారు గనుక రేపు బస్సులో నీ దగ్గరికి పంపుతున్నాను. మొహమాటపడకుండా పని చెప్పు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

నీ తమ్ముడు,
కుటుంబరావు

తా.క.: వాడి సంగతులు కవర్లో పెట్టి రాయి. కార్డు మాత్రం రాయకు.

నందిగామ,
25-4-1948

చిరంజీవి కుటుంబరావుని ఆశీర్వదిస్తూ అక్క రాసేది. నేనూ మీ బావగారూ బాగున్నాం. ఇంట్లో గిన్నెలు ఇంకా బాగున్నాయి.

నువ్వు పంపింది నా మేనల్లుణ్ణేనా అని అనుమానంగా ఉంది. తెల్లారేసరికి తొట్టి నింపేస్తాడు. చెప్పకుండానే అంట్లు వీధి అరుగు పక్కన వేసుకుని బూడిదా చింతపండూ పెట్టి తోముతాడు. ఇత్తడి బిందెలో నా మొహం కనిపిస్తోంది, ఈ వయసులో చూసుకోవడానికి భయంగా ఉంది. ఎదురింటి సౌభాగ్యమ్మ తన ఇద్దరు కొడుకుల్నీ చెవులు పట్టుకుని తీసుకొచ్చి మరీ వీణ్ణి చూపించింది. నువ్వే పురమాయించి పంపావని వీధంతా చెప్పాను.

నాకొకటే అర్థం కాలేదు. చెయ్యి విరిగిన మనిషిని ఇంట్లో పెట్టుకుని పిల్లవాణ్ణి ఇక్కడికి పంపావు. అక్కడ అంట్లు ఎవరు తోముతున్నారు?

మీ అక్క,
ఆండాళమ్మ

తా.క.: పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయట, కార్డు మీదే రాశాను. మనలో మనకి దాపరికం ఏముంది.

జగ్గయ్యపేట,
28-4-1948

అక్కయ్యకు నమస్కారాలు. క్షేమం అడిగే స్థితిలో లేను.

పొద్దున వచ్చిన కార్డులు గుమాస్తా అచ్చయ్య పైకి చదవడం మా కొట్లో ఆనవాయితీ. మిరప ధరలుంటాయని రైతులు చెవులొగ్గి వింటారు. నీ కార్డు కూడా అచ్చయ్య ధరలు చదివే గొంతుతోనే చదివాడు. 'బూడిదా చింతపండూ' దగ్గర నేను లాక్కున్నాను. సాయంత్రానికి బజారంతా ఒకటే మాట. 'కుటుంబరావు కొట్టు మునిగిందంట, కొడుకుని నందిగామలో అంట్లపనికి పెట్టాడంట.' వత్సవాయి ఊరి నుంచి మా గోదాముకి రావాల్సిన మిరప బళ్లు పక్క కొట్టుకి తిరిగాయి. తలెత్తుకోలేకపోతున్నాను. పని నేర్పమన్నాను గానీ వీధిలో కూర్చోబెట్టమన్నానా? వాణ్ని వెంటనే బస్సెక్కించు.

ఇక్కడ అంట్ల సంగతి అంటావా, ఎలాగో జరుగుతోంది.

కుటుంబరావు

తా.క.: జవాబు రాయనక్కర్లేదు. రాస్తే కవర్లో రాయి. రెండు కవర్లు ఇందులోనే పెట్టాను.

నందిగామ,
1-5-1948

నాయనా, నీ కవర్లోనే ఆశీర్వచనాలు.

నా కార్డు వల్ల నీకు జరిగింది చదివి నాకూ సిగ్గేసింది. కానీ వాణ్ని వీధిలో కూర్చోబెట్టింది నేను కాదు. పెరట్లో తోముకోరా అంటే, 'తలుపేసుకుని చెయ్యడానికి ఇదేమన్నా దొంగతనమా అత్తయ్యా' అన్నాడు. ఇంత బాగా తోమడం ఎవరు నేర్పార్రా అని అడిగాను. తల వంచుకుని, 'ఒట్టేశాను, చెప్పను' అన్నాడు. వాళ్లమ్మ కాదట, పుల్లమ్మా కాదట. నువ్వు రమ్మన్నావంటే బస్సెక్కనంటున్నాడు.

మీ అక్క

తా.క.: నీకేమైనా తెలుసా?

జగ్గయ్యపేట,
4-5-1948

అక్కయ్యా,

తెలుసు. అది నేనే.

నీ మరదలి చెయ్యి విరిగిన రోజు నుంచి, కొట్టు తెరవకముందే పెరటి తలుపు గడియ పెట్టి అంట్లు తోముతున్నాను. మూడోనాడు ప్రసాదు చూసి, పక్కన కూర్చుని గిన్నె అందుకోబోయాడు. షావుకారు కొడుకువి, ఎంగిలి గిన్నె ముట్టుకోవద్దు, నన్ను చూసినట్టు ఎవరికీ చెప్పొద్దు అని నా మీద ఒట్టు వేయించుకున్నాను. వాడు స్తంభంలా నిలబడింది అందుకు. రోజూ నన్ను చూసే నేర్చుకున్నట్టున్నాడు. గ్లాసు తీయడని నీకు రాశాను. తీయొద్దన్నది నేను. నెలరోజులు తోమేసరికి నడుం పట్టేసి, ఊరికే నిలబడ్డ వాణ్ని చూస్తే ఒళ్లు మండి నీకు చాడీలు రాశాను. నీ ఉత్తరం చదివాక నా మొహం నేనే చూసుకోలేకపోయాను.

ఇవాళ అంట్లు కొట్టు ముందు అరుగు పక్కన వేసుకున్నాను. వత్సవాయి రైతు బండి ఆపి, 'ఇదేంటండీ' అన్నాడు. చేతిలో గిన్నె తోముతూనే, 'మా ఆవిడ చెయ్యి విరిగిందండీ' అన్నాను. అతను దిగొచ్చి పక్కన గొంతుకూర్చుని, అటూ ఇటూ చూసి, 'బూడిద కన్నా ఇటికపొడి మేలండి. మా ఇంట్లో నేనూ అంతే. ఎవరితోనూ చెప్పమాకండి' అన్నాడు.

నీ తమ్ముడు

తా.క.: నా మీద వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టేశానని ప్రసాదుకి చెప్పు. కన్నకొడుకుని తప్పయిందని ఎలా అడగాలో తెలియడం లేదు. వాడొచ్చి తోముతానంటే, పక్కన కూర్చుని నేను కడుగుతాను.